పెంపుడు జంతువుల వైద్యం: పెరిగే ఖర్చు, తట్టుకునే దారులు

పెంపుడు కుక్కకో పిల్లికో జబ్బు చేస్తే అయ్యే ఖర్చంతా దాన్ని పెంచుకునే కుటుంబం జేబులోంచే పోతుంది. మనుషుల వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది, ఈఎస్‌ఐ ఉంది, ఉద్యోగమిచ్చిన సంస్థ కట్టే బీమా ఉంది. తమ ఆపరేషన్‌కు అసలు ఎంతయిందో చాలామంది రోగులకు తెలియనే తెలియదు. జంతువుల వైద్యంలో ఆ మరుగు లేదు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, సెలైన్, మత్తు, కుట్లు అన్నీ విడివిడిగా బిల్లులో కనిపిస్తాయి. మొత్తం అప్పటికప్పుడు కట్టాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి నగరాల్లో పెంపుడు జంతువులూ పెరిగాయి, వాటికోసం ప్రైవేటు క్లినిక్కులూ పెరిగాయి, ఒక్కో జబ్బుకు పెట్టాల్సిన ఖర్చూ పెరిగింది. ఒకప్పుడు ఒక ఇంజెక్షన్‌తో సరిపెట్టిన జ్వరానికి ఇప్పుడు వేలల్లో బిల్లు రావడం మామూలైంది.

ఆ భారం మోయలేక వైద్యం మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు. జబ్బుపడిన జంతువును ఊరి బయట వదిలేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అయితే మొదటిసారి చేసిన తప్పుకు ఆ చట్టం వేసే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకానే. వేల రూపాయల బిల్లుకు భయపడిన మనిషిని ఆ యాభై రూపాయలు ఆపలేవు. కాబట్టి ఖర్చు తట్టుకునే దారులు వెతకడం డబ్బు లెక్కకు మాత్రమే సంబంధించిన విషయం కాదు, చాలా సందర్భాల్లో జంతువు ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఖర్చులో పెద్ద భాగం జబ్బు రాకముందే, జంతువును ఇంటికి తెచ్చిన రోజుల్లోనే ఖాయమైపోతుందన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. బీమా, అప్పు, విరాళాలు దాని తర్వాతే వస్తాయి.

ఖర్చు ఎందుకు పెరిగింది

మొదటి కారణం వైద్యం మెరుగుపడటమే. రెండు దశాబ్దాల కిందట తెలుగు పట్టణాల్లో కుక్కల వైద్యమంటే చేతితో తడిమి చూసి, జ్వరం చూసి మందు రాయడమే. ఇప్పుడు డిజిటల్ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, క్లినిక్‌లోనే గంటలో ఫలితమిచ్చే రక్తపరీక్ష యంత్రాలు, గ్యాస్‌తో ఇచ్చే మత్తు, దంతాల శుభ్రత, ఎముకలకు ప్లేట్లు వేసే శస్త్రచికిత్సలు వచ్చాయి. ఈ యంత్రాల్లో, వాటిలో వాడే రసాయనాల్లో చాలావరకు విదేశాల నుంచి దిగుమతయ్యేవే. మనుషుల ఆసుపత్రిలో రోజుకు వందమందికి వాడే యంత్రాన్ని ఇక్కడ పది జంతువులకు వాడతారు. దాంతో ఒక్కో పరీక్ష మీద పడే భారం ఎక్కువవుతుంది.

రెండోది, జంతువులు ఎక్కువకాలం బతకడం. ఇంట్లోనే ఉంటూ, టీకాలు వేయించుకుంటూ, మంచి తిండి తింటున్న కుక్కలు పది, పన్నెండేళ్లు దాటుతున్నాయి. ఆ వయసులో కిడ్నీ జబ్బులు, గుండె జబ్బులు, కంతులు, కీళ్లనొప్పులు, పిల్లుల్లోనైతే థైరాయిడ్, షుగర్ బయటపడతాయి. ఇవన్నీ ఒక్కసారి వచ్చి పోయేవి కావు, నెలనెలా మందులు కోరేవి.

మూడోది క్లినిక్కు నిర్వహణ. నగరంలో అద్దె, సిబ్బంది జీతాలు, రాత్రంతా తెరిచి ఉంచే అత్యవసర విభాగం ఖర్చు అంతా వచ్చే కొద్దిమంది మీదే పడుతుంది. పశువైద్యశాలలు అందించే చికిత్సా సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కానీ మందులకు, తిండికి, సామగ్రికి లేదు. పశువైద్యుల మీద విరుచుకుపడేవాళ్లు గుర్తించని విషయం ఒకటుంది. ఐదేళ్లకు పైగా చదివి, పలు జాతుల జంతువులకు ఫిజీషియన్‌గా, సర్జన్‌గా, దంతవైద్యుడిగా, మత్తు డాక్టర్‌గా ఒక్కరే పనిచేసే వృత్తి ఇది. వాళ్ల ఫీజు బిల్లులో చిన్న భాగమే. పెద్ద భాగం పరీక్షలు, మందులు, వార్డులో గడిపే రోజులది.

నాలుగో కారణం జాతుల ఎంపిక. ఒక మొబైల్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని 2003 తర్వాత దేశమంతటా పగ్ కుక్కలకు గిరాకీ పెరిగింది. ముక్కు నొక్కుకుపోయిన ఈ జాతికి ఊపిరి తీసుకోవడమే కష్టం. ఎండాకాలంలో వడదెబ్బ, కళ్లలో పుండ్లు, చర్మం మడతల్లో ఇన్‌ఫెక్షన్లు మామూలు. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషన్, గొంతులోని మృదువైన అంగిలి కత్తిరించే ఆపరేషన్ అవసరమైనవి ఎన్నో ఉన్నాయి. మంచుప్రాంతాల్లో బండ్లు లాగడానికి పెంచిన హస్కీని నలభై డిగ్రీలు దాటే రామగుండంలోనో రెంటచింతలలోనో పెంచితే దానికి ఏసీ కూడా వైద్యఖర్చే అవుతుంది.

బ్రిటన్, అమెరికా, స్వీడన్

పెంపుడు జంతువుల వైద్యం బాగా ముందుకెళ్లిన దేశాల్లో ఏం జరిగిందో చూస్తే ఇక్కడ రాబోయేది కొంత అర్థమవుతుంది. బ్రిటన్‌లో 2013 నాటికి పశువైద్యశాలల్లో పదో వంతు మాత్రమే పెద్ద గొలుసు సంస్థల చేతిలో ఉండేవి. పదేళ్లు తిరిగేసరికి అది అరవై శాతానికి దగ్గరైంది. అక్కడి పోటీ వ్యవహారాల నియంత్రణ సంస్థ సీఎంఏ 2023లో ఈ రంగం మీద పరిశీలన మొదలుపెట్టి, 2024లో పూర్తిస్థాయి విచారణకు దిగింది. 2016 నుంచి 2023 మధ్య వైద్యం ధరలు సగటున 63 శాతం పెరిగాయని 2025 అక్టోబర్‌లో ప్రకటించిన తాత్కాలిక నిర్ణయంలో తేల్చింది. క్లినిక్కులు ధరల పట్టిక బయట పెట్టాలని, మందుల చీటీ రాసిచ్చే రుసుముకు గరిష్ఠ పరిమితి ఉండాలని ప్రతిపాదించింది. అమెరికాలో చాక్లెట్ల కంపెనీగా పేరుపడ్డ మార్స్ 2017లో వీసీఏ అనే ఆసుపత్రుల గొలుసును దాదాపు 910 కోట్ల డాలర్లకు కొనేసింది. గత ఏడాదిలో అవసరమైన వైద్యాన్ని వాయిదా వేశామనో, వద్దనుకున్నామనో చెప్పిన యజమానులు సగానికి పైగా ఉన్నారని గాలప్ సంస్థ 2025లో వెల్లడించిన సర్వే తేల్చింది. వాళ్లలో ఎక్కువమంది చెప్పిన కారణం డబ్బే. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు కుక్కను తెచ్చుకునే ముందు ఈ లెక్క చూసుకోక తప్పదు.

స్వీడన్ తీరు వేరు. 1890లో గుర్రాలు, పశువుల బీమాతో మొదలైన అగ్రియా లాంటి సంస్థల వల్ల అక్కడ అత్యధిక శాతం కుక్కలకు బీమా ఉంది. అంతమంది కలిస్తే ఒక్కొక్కరి మీద భారం తగ్గుతుంది. దానివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. లక్షల కుక్కల జబ్బుల రికార్డు ఒకచోట చేరి, ఏ జాతికి ఏ వయసులో ఏ జబ్బు వస్తుందో ప్రపంచానికి తెలిసింది. కింద చెప్పబోయే గర్భసంచి జబ్బు లెక్క అలా తేలినదే.

జబ్బుకు ముందు పెట్టే ఖర్చు

జంతువును తెచ్చుకోవడంలోనే మొదటి పొదుపు ఉంది. ఊరకుక్క పిల్లను దత్తత తీసుకుంటే కొనుగోలు ఖర్చు ఉండదు. ఎన్నో తరాలుగా ఈ ఎండకు, ఈ నేలకు తట్టుకుని నిలిచిన వంశం కాబట్టి పుట్టుకతో వచ్చే లోపాలు తక్కువ. ఫలానా జాతే కావాలనుకునేవాళ్లు పిల్లను మాత్రమే చూసి మురిసిపోకుండా దాని తల్లిదండ్రులను చూడాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో తుంటి కీలు సరిగా కుదరని జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లి కుంటుతుంటే పిల్ల ధర ఎంత తక్కువైనా అది ఖరీదైన బేరమే.

తర్వాత టీకాలు. 1978 ప్రాంతంలో ప్రపంచానికి తెలిసిన పార్వో వైరస్ ఇప్పటికీ తెలుగు నాట కుక్కపిల్లల ప్రాణాలు తీసే జబ్బుల్లో ముందుంటుంది. రెండు నెలల పిల్ల ఉదయం తిండి మానేస్తుంది, మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి దుర్వాసన వేసే నెత్తుటి విరేచనాలు. మూడో రోజుకు కళ్లు లోపలికి పోయి లేవలేని స్థితి. చికిత్స అంటే ఐదారు రోజులు సెలైన్, వాంతులు ఆపే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్‌లు, వేడిగా ఉంచడం. వైరస్‌ను చంపే మందు లేదు కాబట్టి శరీరం తేరుకునేదాకా కాపాడుకోవడమే వైద్యం. ఆ బిల్లు పిల్లకు వేయించాల్సిన మొత్తం టీకాల ఖర్చుకు ఎన్నో రెట్లు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా టీకా వేయించాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ మొదటి డోసులను పనిచేయనివ్వకపోవచ్చు. అందుకే ఒక్క డోసు వేయించి చేతులు దులుపుకున్న ఇళ్లలో పార్వో ఎక్కువ. జబ్బు వచ్చిన ఇంట్లో వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది. వెంటనే ఇంకో పిల్లను తెచ్చుకుంటే అదే ఖర్చు మళ్లీ మొదలవుతుంది.

టీకా పుస్తకంలో ప్రతి డోసు పక్కన సీసా మీది స్టిక్కర్ ఉండాలి. దాని మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. కుక్కపిల్లలను అమ్మే దుకాణంలో చేతిరాతతో తేదీలు వేసిన పుస్తకం ఇస్తే, టీకా వేయించనట్టే లెక్కగట్టి పశువైద్యుడికి చూపించాలి. చల్లగా ఉంచని టీకా నీళ్లతో సమానం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. దుకాణంలో సూది వేసే కుర్రాడి దగ్గర మిగిలిన రెండు వందలు తర్వాత ఇరవై వేలు కావచ్చు.

రేబిస్ టీకా విషయంలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. జంతువులకు వేసే రేబిస్ టీకా ఇక్కడే తయారవుతుంది కాబట్టి, దిగుమతయ్యే టీకాలతో పోలిస్తే ధర బాగా తక్కువ. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన రోజును జంతువుల నుంచి సంక్రమించే వ్యాధుల దినంగా పాటిస్తూ, రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటాయి.

పిడుదులు (గోమార్లు) తెలుగు ప్రాంతాల్లో ఏడాది పొడవునా ఉండే బెడద. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక, మంచం కోళ్ల సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. దాని కాటుతో ఎర్లికియా, బబేసియా లాంటి క్రిములు రక్తంలో చేరతాయి. జనం టిక్ ఫీవర్ అనేది దీన్నే. తొలిరోజుల్లో పట్టుకుంటే ఒక రక్తపరీక్ష, ఎర్లికియాకు నాలుగు వారాల డాక్సీసైక్లిన్ మాత్రలతో పోతుంది. ఆ మాత్రలు చవకైనవి. ‘ఎండకు తిండి తినట్లేదులే’ అనుకుని రెండు మూడు వారాలు ఊరుకుంటే చిగుళ్లు తెల్లబడతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి నెత్తురు కారుతుంది. అప్పుడు రోజువిడిచి రోజు రక్తపరీక్ష, కాలేయం, కిడ్నీల పరీక్షలు, చివరికి రక్తం ఎక్కించడం. కుక్కల రక్తనిధులు తెలుగు నగరాల్లో సులభంగా దొరికేవి కావు. తెలిసినవాళ్ల పెద్ద కుక్కను ఒప్పించి తీసుకురావాలి. నెలకోసారో మూడు నెలలకోసారో తినిపించే పిడుదుల మాత్ర ఖరీదైనదనిపిస్తుంది కానీ ఈ బిల్లు పక్కన పెడితే అది చిన్న మొత్తమే. మాత్రతో పాటు ఇంటి పగుళ్లు పూడ్చడం, కుక్క పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉడకబెట్టడం కూడా చేస్తేనే బెడద తగ్గుతుంది.

ఆడకుక్కలకు గర్భసంచి తీయించడం అన్నిటికన్నా పెద్ద పొదుపు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో దాదాపు నాలుగింట ఒకదానికి పదేళ్లు నిండేలోపు గర్భసంచిలో చీము పడుతుందని స్వీడన్ బీమా రికార్డులు చెబుతున్నాయి. ఎద ముగిసిన కొన్ని వారాలకు కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంది, నీరసిస్తుంది, కొన్నిసార్లు చీము కారుతుంది. అప్పుడు చేసేదీ అదే గర్భసంచి తీసే ఆపరేషనే. కాకపోతే అర్ధరాత్రి, ఒళ్లంతా విషం పాకిన ముసలి కుక్కకు, సెలైన్ల మధ్య చేయాలి. వయసులో ఉండగా ముందే చేయిస్తే ఖర్చు తక్కువ, ప్రమాదమూ తక్కువ, రొమ్ము కంతుల ముప్పు కూడా తగ్గుతుంది. ఏ వయసులో చేయించాలన్నది జాతిని బట్టి మారుతుంది. పెద్ద జాతులకు కాస్త ఆగమని చెప్పే వైద్యులున్నారు.

తిండి తగ్గించడం రూపాయి ఖర్చులేని వైద్యం. ప్యూరీనా సంస్థ 48 లాబ్రడార్‌లను పుట్టినప్పటి నుంచి చనిపోయేదాకా గమనించింది. తోడబుట్టిన కుక్కకన్నా నాలుగో వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయని, కీళ్లనొప్పులు వాటికి ఆలస్యంగా మొదలయ్యాయని 2002లో అచ్చయిన ఆ అధ్యయనం చూపింది. తెలుగిళ్లలో ప్రేమంతా తిండి రూపంలోనే బయటపడుతుంది. నెయ్యి వేసిన అన్నం, బిస్కెట్లు, పండగ పూట బిర్యానీ. ఆ ప్రేమే ఎనిమిదో ఏట మోకాలి ఆపరేషన్‌గా తిరిగొస్తుంది. కుక్క పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. ఈ కొలతకు వైద్యుడు కూడా అక్కర్లేదు.

వైద్యుడితో డబ్బు మాట

జబ్బు వచ్చాక ఖర్చును అదుపులో పెట్టే దారి నోరు విప్పి అడగడంతో మొదలవుతుంది. చాలామంది మొహమాటపడతారు. డబ్బు గురించి అడిగితే జంతువు మీద ప్రేమ లేదనుకుంటారని భయం. వైద్యుడు అన్ని పరీక్షలూ రాస్తాడు, యజమాని అన్నిటికీ తలూపుతాడు, రెండో రోజు బిల్లు చూసి వైద్యమే మానేసి జంతువును ఇంటికి తీసుకుపోతాడు. అందరూ నష్టపోయే పద్ధతి ఇది. ‘డాక్టరు గారూ, మా దగ్గర ఇంతే ఉంది, ఇందులో దీనికి ఏది ఎక్కువ పనికొస్తుందో చెప్పండి’ అని మొదటి పది నిమిషాల్లోనే అడిగితే వైద్యుడు చికిత్సను దానికి తగ్గట్టు మలుస్తాడు. ఏ పరీక్ష ఫలితం వస్తే చికిత్స మారుతుంది, ఏది రేపటికి ఆగుతుంది, వార్డులో ఉంచడం తప్పనిసరా, రాసిచ్చిన అంచనాకు పైన ఎంతవరకు పోవచ్చు అన్న ప్రశ్నలు అడగదగినవి. అంచనా కాగితం మీద రాయించుకోవడం, ఆ మొత్తం దాటేముందు ఫోన్ చేయమని చెప్పడం ఇద్దరికీ మంచిది.

ఖరీదైన వైద్యానికి, వైద్యమే లేకపోవడానికి మధ్య చాలా మెట్లున్నాయని ఇప్పుడు పశువైద్య విద్యలోనూ చెబుతున్నారు. దీనికి మంచి రుజువు అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పార్వో మీద చేసిన ప్రయోగం. 40 కుక్కపిల్లల్లో సగాన్ని ఆసుపత్రిలో పూర్తిస్థాయి చికిత్సలో ఉంచారు. మిగతా సగానికి మొదట నరం ద్వారా ద్రవాలు ఎక్కించి తేరుకునేలా చేశాక, చర్మం కింద సెలైన్, దీర్ఘకాలం పనిచేసే యాంటీబయాటిక్, వాంతుల మందు ఇచ్చే తేలిక పద్ధతి పాటించారు. ఆసుపత్రి చికిత్సలో 90 శాతం బతికితే, తేలిక పద్ధతిలో 80 శాతం బతికాయి. పది శాతం తేడా చిన్నదేమీ కాదు. కానీ డబ్బులేక వెనక్కి తీసుకెళ్లిన పిల్లకు బతికే అవకాశం దాదాపు లేనట్టే కాబట్టి, ఆ 80 శాతం ఎంతో పెద్ద మాట. ఇలాంటి మధ్యదారి ఉందని చెప్పే బాధ్యత వైద్యులది, దాన్ని రెండో రకం వైద్యంగా చిన్నచూపు చూడకపోవడం యజమానుల వంతు.

మందుల ఖర్చులోనూ వెసులుబాటు ఉంది. డాక్సీసైక్లిన్, ప్రెడ్నిసలోన్, ఫ్రూసమైడ్, ఫీనోబార్బిటోన్ లాంటివి మనుషులకూ జంతువులకూ ఒకటే. వైద్యుడు మందు అసలు పేరుతో చీటీ రాసిస్తే జన్ ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరికేవి ఉంటాయి. మోతాదు మాత్రం బరువును బట్టి వైద్యుడే చెప్పాలి. ఇంట్లో ఉన్న మాత్ర వేసేసి డబ్బు మిగిల్చుకుందామనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. జ్వరానికి మనుషులు వేసుకునే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, దాన్ని విరిచి శరీరం నుంచి పంపేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. నొప్పికి వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుండ్లు పెట్టి కిడ్నీలు దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కూడా ఇంట్లోని విషాలే.

పొదుపు, బీమా, అప్పు

నెలకు వెయ్యి చొప్పున విడిగా ఒక ఖాతాలో వేసుకుంటే మూడేళ్లకు 36,000 రూపాయలు. మధ్యతరగతి కుటుంబానికి ఇంతకన్నా నమ్మకమైన రక్షణ లేదు. కుక్కపిల్ల మొదటి మూడేళ్లలో టీకాల్లాంటి ముందుజాగ్రత్తల ఖర్చు తప్ప మామూలుగా పెద్దగా ఏమీ అడగదు. జబ్బుల వయసు మొదలయ్యేసరికి ఆ మొత్తం చేతిలో ఉంటుంది.

బీమా విషయానికొస్తే, ప్రభుత్వరంగ సంస్థలు న్యూ ఇండియా, ఓరియంటల్ చాలాకాలంగా కుక్కల పాలసీలు ఇస్తున్నాయి. 2020లో బజాజ్ అలియాంజ్ ఈ రంగంలోకి వచ్చాక మరికొన్ని ప్రైవేటు సంస్థలూ దిగాయి. పాలసీ తీసుకునేముందు చూడాల్సిన షరతులు కొన్ని ఉన్నాయి. చేర్చుకునే వయసుకు పరిమితి ఉంటుంది, ముసలి కుక్కకు కొత్తగా పాలసీ దొరకడం కష్టం. ముందునుంచీ ఉన్న జబ్బులకు, పుట్టుకతో వచ్చిన లోపాలకు డబ్బు రాదు. టీకాలు వేళకు వేయించినట్టు పుస్తకం చూపలేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు. జంతువును గుర్తుపట్టడానికి మైక్రోచిప్ గానీ ఫొటోలు గానీ కావాలి. మొదట కొన్ని వారాలు నిరీక్షణ కాలం ఉంటుంది, ప్రతి క్లెయిమ్‌లో కొంత భాగం యజమాని భరించాలి. చనిపోతేనే పరిహారమిచ్చే పాలసీకి, ఆసుపత్రి ఖర్చులిచ్చే పాలసీకి తేడా గమనించకుండా కొన్నవాళ్లు తర్వాత బాధపడతారు. జబ్బుల ముప్పు ఎక్కువున్న జాతి కుక్కకు, పిల్లగా ఉండగానే తీసుకుంటే బీమా పనికొస్తుంది. ఊరకుక్కకు, ఏడేళ్లు దాటిన కుక్కకు సొంత పొదుపే మేలు.

అత్యవసరమైతే మిలాప్, కెట్టో లాంటి వేదికల్లో విరాళాలు అడిగేవాళ్లున్నారు. వైద్యుడు రాసిచ్చిన అంచనా, జంతువు ఫొటో, రోజువారీ బిల్లులు పెడితే జనం నమ్ముతారు. అయితే విరాళాలు కూడేసరికి రోజులు పడుతుంది, చీము పట్టిన గర్భసంచి అంతదాకా ఆగదు. క్రెడిట్ కార్డు వాయిదాల మీద వడ్డీ ఎంతో చూసుకున్నాకే ఆ దారి పట్టాలి. పరిచయమున్న క్లినిక్కులు రెండు మూడు దఫాల్లో కట్టమని ఒప్పుకోవడం చిన్న పట్టణాల్లో ఇప్పటికీ ఉంది. ఏళ్లుగా ఒకే వైద్యుడి దగ్గరికి వెళ్లడం వల్ల కలిగే లాభాల్లో అదొకటి.

ముసలితనంలో లెక్క మారుతుంది. పన్నెండేళ్ల కుక్కకు కాన్సర్ బయటపడితే అడగాల్సిన ప్రశ్న ఎంత ఖర్చవుతుందని మాత్రమే కాదు, ఈ చికిత్స తర్వాత అది ఎన్నాళ్లు, ఎలా బతుకుతుందని కూడా. తింటోందా, నొప్పి లేకుండా నిద్రపోతోందా, ఇంట్లోవాళ్లను చూసి లేస్తోందా అన్నవి రోజూ రాసుకుంటే నిర్ణయం కొంత స్పష్టమవుతుంది. నొప్పి తగ్గించే మందులతో ఇంట్లోనే చూసుకోవడం పరువైన వైద్యమే. బాధ తగ్గే దారి లేనప్పుడు వైద్యుడి చేత కారుణ్య మరణం ఇప్పించడం తప్పు కాదు. డబ్బు అయిపోయిందని చికిత్స ఆపి, నొప్పితో వదిలేయడమే తప్పు.

సర్కారు ఆసుపత్రులు, ధార్మిక సంస్థలు

ప్రభుత్వ పశువైద్యశాలల్లో వైద్యం ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో దొరుకుతుందన్న సంగతి నగరాల్లో కుక్కలు పెంచుకునేవాళ్లలో చాలామందికి తెలియదు. హైదరాబాద్ నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు వచ్చేవాటిలో కుక్కలు, పిల్లులే ఎక్కువ. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో అనుభవమున్న ఆచార్యులు, స్కానింగ్, శస్త్రచికిత్స సౌకర్యాలు ఉంటాయి, ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. వరసలో నిలబడాలి, మధ్యాహ్నం తర్వాత వైద్యులు దొరకడం కష్టం, కొన్ని మందులు బయట కొనాలి. అత్యవసరం కాని ఆపరేషన్లకు, చర్మ జబ్బులకు, రెండో అభిప్రాయానికి ఇవి మంచి చోట్లు. రోగ నిర్ధారణ ప్రైవేటులో చేయించుకుని దీర్ఘకాల చికిత్స ఇక్కడ కొనసాగించే కుటుంబాలున్నాయి.

అక్కినేని అమల, నాగార్జున 1992లో స్థాపించిన హైదరాబాద్ బ్లూ క్రాస్, విశాఖపట్నంలోని వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు ప్రధానంగా వీధి జంతువుల కోసం పనిచేస్తాయి. తక్కువ ఖర్చుతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకా శిబిరాలు వీటి ద్వారా అందుతాయి. స్తోమత ఉన్నవాళ్లు ఈ సంస్థల మీద భారం మోపకుండా ఉండాలి, ఎందుకంటే అక్కడి ప్రతి మంచం ఒక వీధికుక్కకు అవసరం. ముంబయిలో టాటా ట్రస్ట్స్ 165 కోట్ల రూపాయలతో 2024లో తెరిచిన చిన్న జంతువుల ఆసుపత్రి లాంటిది తెలుగు రాష్ట్రాల్లో ఇంకా రాలేదు.

ప్రభుత్వ వ్యవస్థ మొత్తం పాడిపశువుల కోసం కట్టినది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్యశాలల ప్రధాన కర్తవ్యం పల్లెల్లో ఆవులు, గేదెలు, గొర్రెలు. రైతు బతుకు వాటి మీద ఆధారపడి ఉంది కాబట్టి ఆ ప్రాధాన్యం సబబే. అయితే నగరాల్లోని పశువైద్యశాలలకు వచ్చేది ఎక్కువగా కుక్కలూ పిల్లులూ అయినప్పుడు, అక్కడి పరికరాలు, పనివేళలు, మందుల జాబితా కూడా దానికి తగ్గట్టు మారాలి. నగరానికొకటి చొప్పున సాయంత్రం వేళ నడిచే ప్రభుత్వ క్లినిక్, పశువైద్య కళాశాలల్లో కుక్కల రక్తనిధి, పేద కుటుంబాల పెంపుడు జంతువులకు ఉచిత గర్భసంచి ఆపరేషన్లు, ప్రైవేటు క్లినిక్కుల్లో గోడ మీద ధరల పట్టిక తెలుగులో. ఇవేవీ పెద్ద బడ్జెట్ కోరేవి కావు. పశువుల జెనరిక్ మందులను చవకగా అమ్మే పశు ఔషధి పథకానికి కేంద్ర మంత్రివర్గం 2025 మార్చిలో 75 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ జాబితాలో కుక్కల, పిల్లుల గుండె, కిడ్నీ, చర్మ వ్యాధుల మందులకు, పిడుదుల మందులకు చోటు దొరికితే నెలనెలా మందులు కొనే ఇళ్లకు నేరుగా ఊరట లభిస్తుంది.